ఏడాది పాటు ఇల్లు ఖాళీ చేసి వెళ్లేవాళ్లకు సెల్ఫ్ స్టోరేజ్ పనికొస్తుందా? ఒక రివ్యూ

ఏడాది పాటు విదేశాల్లో తిరగడానికి బయల్దేరేవాళ్లు వీసాలు, టికెట్లు, ఇన్సూరెన్సు నెలల ముందే చూసుకుంటారు. ఇంట్లో సామాను సంగతి మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన వారం దాకా గుర్తుకు రాదు. అప్పుడు హడావిడిగా దగ్గర్లో ఉన్న సెల్ఫ్ స్టోరేజ్‌లో, అంటే సామాను దాచుకోవడానికి గదులు అద్దెకిచ్చే చోట, ఒక గది అద్దెకు తీసుకుని, దొరికిన పెట్టెల్లో దొరికినట్టు కుక్కేసి, షట్టర్ దించి వెళ్లిపోతారు. నెలా రెండు నెలలకైతే అలా నడిచిపోతుంది. ఏడాదికి నడవదు. ఇది ఏ ఒక్క కంపెనీ మీదా రివ్యూ కాదు. ఈ సేవ మొత్తాన్ని, పన్నెండు నెలలు సొంతదారు తొంగి చూడని గది అన్న కోణంలోంచి బేరీజు వెయ్యడం మాత్రమే.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. పుస్తకాలు, మంచి చెక్క సామాను, పనిముట్లు, సంగీత వాయిద్యాలు, మళ్లీ కొనలేని వస్తువులు ఉన్నవాళ్లకు తేమను అదుపులో ఉంచే చిన్న గది మంచి బేరం: ఐదుకు నాలుగు నక్షత్రాలు. మామూలు సోఫా, పరుపు, పాత ఫ్రిజ్ దాచుకోవడానికి పెద్ద గది తీసుకునేవాళ్లకు రెండు దాటవు. బయట రేకుల షట్టర్ గదులకు, ఏడాది నిల్వ కోసమైతే, ఒకటి. అందులో పనిముట్లూ సైకిలూ తప్ప ఇంకేం పెట్టకూడదు.

ఈ వ్యాపారం అమ్మేది భద్రతను. కెమెరాలు, గేటు కోడు, రాత్రి కాపలా అన్నీ ప్రకటనలో మొదటి వరసలో ఉంటాయి. ఏడాది నిల్వలో అసలు దెబ్బ వచ్చేది మరో రెండు చోట్ల నుంచి: గాల్లో తేమ, మధ్యలో ఆగిపోయే అద్దె. ఈ రెండిటికీ కెమెరా అడ్డం రాదు. కాబట్టి గది చూడ్డానికి వెళ్లినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కూడా ఈ రెండిటి చుట్టూనే ఉండాలి.

అంతకంటే ముందు ఒక లెక్క. పన్నెండు నెలల అద్దె, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు సార్లు సామాను తరలించే ఖర్చు, ఇన్సూరెన్సు, తాళం, పెట్టెలు అన్నీ కూడండి. పక్కన, దాచదలుచుకున్న సామానును ఇవాళ సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఎంతవుతుందో రాయండి. కొత్త ధర కాదు, సెకండ్‌హ్యాండ్ ధర. మొదటి అంకె రెండోదాంట్లో సగం దాటితే అమ్మేయడమే నయం. ఈ లెక్క వేశాక చాలామంది జాబితాలోంచి ముందు ఎగిరిపోయేవి పరుపు, సోఫా, ప్రింటర్. ఇంక్‌జెట్ ప్రింటర్ ఏడాది ఊరికే ఉంటే హెడ్‌లో సిరా ఎండిపోయి ఎలాగూ పనికిరాదు. పరుపును నిలబెట్టి నెలల తరబడి ఉంచితే లోపలి ఫోమ్ ఒక అంచుకు జారి కుదించుకుపోతుంది. పడుకోబెడితే సగం గది అదే తినేస్తుంది. గాలి తీసేసి చుట్టిన ఫోమ్ పరుపు ఏడాది తర్వాత మునుపటి ఎత్తుకు పూర్తిగా రాదు.

గది కొలతల్లో ఎక్కువమంది పొరపడతారు. 5×10 అడుగుల గది ఎత్తు 8 అడుగులైతే 400 ఘనపుటడుగులు. ప్రకటనల్లో దాన్ని ఒక పడకగది ఇంటికి సరిపోతుందని రాస్తారు. సరిపోతుంది, పైకప్పు దాకా పేర్చి, మధ్యలో దారి వదలకపోతే. ఏడాది నిల్వకు గోడలకూ సామానుకూ మధ్య 5 నుంచి 8 సెంటీమీటర్ల ఖాళీ, కింద ప్యాలెట్ (సామాను నేలకు తగలకుండా వేసే చట్రం) ఎత్తు, మనిషి పట్టే నడవ కావాలి. అవన్నీ పోను వాడుకోగలిగేది మూడింట రెండొంతుల లోపే. 18×18×16 అంగుళాల మీడియం అట్టపెట్టె సరిగ్గా 3 ఘనపుటడుగులు. ఇంట్లో నేల మీద టేపు అంటించి 5×10 గీసుకుని, అందులో ఏమేం పడతాయో పేర్చి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. పెట్టెలు మాత్రమే దాచేవాళ్లకు 5×5 చాలు.

ఇక తేమ. 'క్లైమేట్ కంట్రోల్' అని బోర్డు పెట్టిన చోట్లన్నీ తేమను అదుపు చెయ్యవు. చాలా చోట్ల ఉష్ణోగ్రతను ఒక హద్దులో ఉంచి ఊరుకుంటారు. అందుకని 'ఏసీ ఉందా' అని కాదు, 'సాపేక్ష తేమ ఎంత శాతం దాటనివ్వరు, దాన్ని ఎక్కడ కొలుస్తారు, ఆ రికార్డు చూపిస్తారా' అని అడగాలి. సాపేక్ష తేమ అంటే, ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి పట్టగలిగే నీటి ఆవిరిలో ఇప్పుడున్నది ఎంత శాతమో. 45 నుంచి 55 మధ్య చెబితే చాలా మంచిది. 60 దాకా పరవాలేదు. 65 దాటి వారాల తరబడి ఉంటే బట్టలు, తోలు, పుస్తకాల అట్టల మీద బూజు మొదలవుతుంది. ఉష్ణోగ్రత ఒక్కటే తగ్గించడం వల్ల మేలు కంటే కీడు కూడా జరగొచ్చు: గాలి చల్లబడితే అదే నీటి ఆవిరికి సాపేక్ష తేమ శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి 21 డిగ్రీలకు దిగిందంటే నీటి బొట్లు కట్టడం మొదలుపెడుతుంది. రేకుల కప్పు ఉన్న గదుల్లో, ఇనుప కంటైనర్లలో జరిగేది ఇదే. పగలు కాగి, రాత్రి చల్లారిన రేకు లోపలివైపు చెమర్చి, పైవరస పెట్టెల మీద చుక్కలు చుక్కలుగా కారుతుంది. కప్పు ఎక్కడా చిల్లి పడకుండానే సామాను తడుస్తుంది.

వాళ్ల మాట మీద ఆధారపడక్కర్లేదు. తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొని, గది తీసుకునే ముందు అక్కడ అరగంట ఉంచి చూడొచ్చు. మీటరు సరిగ్గా చూపిస్తోందా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు వేసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు చుక్కలుగా కలపండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా జిప్ కవర్లో పెట్టి మూసి, ఎనిమిది గంటలు గది ఉష్ణోగ్రతలో వదిలేయండి. 75 చూపించాలి. 79 చూపిస్తే మీటరు నాలుగు ఎక్కువ చూపిస్తోందని అర్థం. ఆ మేరకు తీసేసి చదువుకోవాలి.

గదిని చూసే రోజు ఎంచుకోగలిగితే గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. షట్టర్ ఎత్తగానే ముక్కిపోయిన వాసన వస్తే మిగతా ప్రశ్నలు అక్కర్లేదు. వాసన లేకపోతే గోడల కింది జానెడు భాగం మీద నీటి చార, కప్పు మూలల్లో పసుపు మరకలు, షట్టర్ కింద వెలుతురు కనిపించే సందు చూడాలి. వేలు పట్టే సందులోంచి ఎలుక పిల్ల వచ్చేస్తుంది. నడవల్లో ఎలుకల మందు పెట్టెలు కనిపిస్తే భయపడనక్కర్లేదు, వాటి మీద ఈ మధ్య తనిఖీ చేసిన తేదీ ఉంటే మంచి గుర్తే. నేల అంతస్తుకు వరద భయం, పై అంతస్తుకు కప్పు వేడి. మధ్య అంతస్తు దొరికితే అదే మేలు, కాకపోతే లిఫ్టు తలుపు కొలిచి రావాలి. బీరువా లిఫ్టులో పట్టదన్న సంగతి లారీ దగ్గర తెలిస్తే చేసేదేమీ ఉండదు.

తేమ పీల్చే మందుల విషయంలో స్టోరేజ్ కౌంటర్ల దగ్గర అమ్మే సరుకంతా మంచిది కాదు. కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బాగానే పీలుస్తాయి, కానీ పీల్చిన తేమతో తామే కరిగి ఉప్పునీరవుతాయి. వారానికోసారి ఒంపేసే మనిషి ఉన్న ఇంట్లో అవి బాగుంటాయి. మనిషి రాని గదిలో డబ్బా నిండి పొర్లితే ఆ నీరు ఇనుమును తినేస్తుంది, చెక్క మీద చెరగని మరక వేస్తుంది. వద్దు. సిలికా జెల్ (పొట్లాల్లో వచ్చే, తేమ పీల్చే గుళికలు) కారదు, కానీ తన బరువులో దాదాపు మూడో వంతు నీరు పీల్చాక ఆగిపోతుంది. గది మూలల్లో పొట్లాలు పెట్టడం దండగ. రబ్బరు అంచూ గట్టి క్లిప్పులూ ఉన్న ప్లాస్టిక్ పెట్టె లోపలైతేనే దానికి పని. ఆ పెట్టెలోనూ అసలు తేమ గాల్లో కాదు, బట్టల్లో ఉంటుంది. 65 శాతం తేమ ఉన్న గాల్లో నూలు తన పొడి బరువుకు దాదాపు 8 శాతం నీరు పట్టుకుని ఉంటుంది. పది కిలోల నూలు బట్టలంటే ముప్పావు కిలో దాకా నీరు. ఆరినట్టే కనిపించే బట్టలను వానాకాలం సాయంత్రం పెట్టెలో పెట్టి మూసేస్తే, 100 గ్రాముల సిలికా జెల్ అందులో ఏమూలకీ చాలదు. పొడి వాతావరణం ఉన్న రోజు, లేదా డ్రయ్యర్‌లోంచి తీసి చల్లారిన వెంటనే సర్దడమే అసలు మందు. సిలికా జెల్ ఆ తర్వాతి కాపలా. తేమ పీల్చాక రంగు మారే రకం కొనేటప్పుడు నారింజ రంగుది తీసుకోండి. నీలం రకంలో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ ఆరోగ్యానికి మంచిది కాదు.

బట్టలు, దుప్పట్లు రబ్బరు అంచు పెట్టెల్లోకి. పుస్తకాలు చిన్న అట్టపెట్టెల్లోకి, ఒక్కోటి 15 కిలోలు దాటకుండా. బూట్లు దాచే ముందు అడుగు భాగం ఏ పదార్థమో చూడండి. పాలియురేథేన్ అడుగులు వాడకపోయినా గాల్లో తేమకే లోపల్లోపల విరిగి, తిరిగొచ్చాక నాలుగడుగులు వేయగానే పొడిపొడిగా రాలిపోతాయి. ఇప్పటికే కొన్నేళ్లు వాడిన ట్రెక్కింగ్ బూట్లైతే కాళ్లకు వేసుకుని ప్రయాణానికే తీసుకెళ్లండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. కృత్రిమ తోలు బ్యాగులకూ ఇదే గతి.

అట్టపెట్టెలు కొత్తవే వాడాలి. కిరాణా దుకాణాల నుంచి తెచ్చిన వాటి మడతల్లో బొద్దింక గుడ్లు వచ్చేస్తాయి. పెట్టె నిండా నింపాలి, ఖాళీ మిగిలితే కాగితం కుక్కాలి. సగం నిండిన పెట్టె పైబరువుకు మూణ్నాలుగు నెలల్లో కుంగి, దాని మీది వరస మొత్తం ఒరుగుతుంది. అడుగున టేపును మధ్య గీత మీదా రెండు అంచుల మీదా వెయ్యండి. కాగితం టేపు వేడికి జిగురు వదిలేస్తుంది. పెట్టె మీద నంబరు మాత్రమే రాసి, ఏ నంబరులో ఏముందో ఫోన్లో పెట్టుకోవడం భద్రతకు మంచిది. నంబరు రెండు పక్కల రాయాలి, పైన రాస్తే పేర్చాక కనబడదు. పాలిష్ చెక్కకు నేరుగా ప్లాస్టిక్ చుట్టకూడదు: లోపల చెమ్మ నిలిచి పాలిష్ తెల్లబారుతుంది. ముందు దుప్పటి, దాని మీద తాడు. విప్పిన మంచం బోల్టులు జిప్ కవర్లో వేసి ఆ మంచానికే కట్టండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో వేసే అలవాటు వల్ల తిరిగొచ్చాక నేల మీద పడుకునే రోజులు పెరుగుతాయి.

ఫ్రిజ్ తప్పదనుకుంటే రెండు రోజుల ముందే ఆపి, మంచు కరిగాక లోపలా, తలుపు రబ్బరు మడతల్లోనూ, వెనక నీటి పళ్లెంలోనూ పొడిగా తుడవాలి. గదిలో నిలువుగా పెట్టి, తలుపు మూసుకుపోకుండా చుట్టిన తువ్వాలు అడ్డం పెట్టి కట్టెయ్యాలి. వాషింగ్ మెషీన్‌లో మనకు కనబడని నీరు చాలానే ఉంటుంది. కింద ముందువైపు ఉన్న పంపు ఫిల్టర్ విప్పితే గిన్నెడు కారుతుంది. గొట్టాలు కూడా ఖాళీ చేసి, తరలించేటప్పుడు డ్రమ్‌కు రవాణా బోల్టులు బిగించాలి. రిమోట్లు, గోడ గడియారాలు, టార్చిలైట్లలోంచి బ్యాటరీలు తీసెయ్యండి. ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చే పొటాషియం హైడ్రాక్సైడ్ లోపలి రాగి తీగలను తినేస్తుంది. లిథియం బ్యాటరీ ఉన్నవి సగం చార్జింగ్‌తో ఆపి పెట్టాలి. నిండుగా ఉంచితే బ్యాటరీ ఆయువు తగ్గుతుంది, ఖాళీగా ఉంచితే చార్జ్ మరీ పడిపోయి మళ్లీ లేవదు. విడి లిథియం బ్యాటరీలను కొన్ని కంపెనీలు అసలు ఒప్పుకోవు, ఒప్పందంలో చూడాలి. ఫొటోలూ పత్రాలూ ఉన్న డేటా డ్రైవ్‌ను, అంటే ఎస్‌ఎస్‌డీని, మాత్రం గదిలో పెట్టి మరిచిపోవద్దు. కరెంటు తగలకుండా ఉన్నప్పుడు డేటా నిలుపుకోవడానికి మామూలు వినియోగదారుల ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ (చిప్‌లకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం పెట్టిన కనీస గడువు, అరిగిపోయేదాకా వాడాక 30 డిగ్రీల దగ్గర, ఒక్క ఏడాదే. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువే నిలుస్తుంది, అయినా ఉన్న ఒకే ఒక కాపీని అలా వదలకూడదు. సర్టిఫికెట్ల అసళ్లు, ఆస్తి పత్రాలు, నగలు ఈ సేవకు సంబంధించిన వస్తువులే కావు. వాటికి బ్యాంకు లాకరో, నమ్మకమైన మనిషో ఉండాలి.

గ్యాస్ సిలిండర్, పెయింటు, స్ప్రే డబ్బాలు, తిండి పదార్థాలు మామూలుగా ఎక్కడా ఒప్పుకోరు. వంటింటి పెట్టెలో పొరపాటున మిగిలిన ఒక్క పిండి పొట్లం చాలు, పక్క గదిలోని పురుగు కూడా ఇటే వస్తుంది.

ఇప్పుడు రెండో ప్రమాదం, డబ్బు. ఒప్పందం నెలనెలా నడిచేదైతే మొదట్లో చూపించిన అద్దె ఏడాదంతా ఉండదు. తగ్గింపు గడువు అయ్యాక పెంచుతారు, పెంచుతున్నామని ముందుగా ఒక నోటీసు పంపుతారు. ఆ నోటీసు మీరు ఒప్పందంలో రాసిన చిరునామాకు వెళ్తుంది. ఆ చిరునామా ఏది? మీరు ఖాళీ చేసి వచ్చిన ఇల్లు! ఈ ఒక్క గడి విషయంలో జాగ్రత్త పడనివాళ్లే ఎక్కువ. అద్దె బాకీ పడితే ఆలస్య రుసుము, ఆ తర్వాత తాళం మీద వాళ్ల తాళం, చివరికి సామాను వేలం. ఇవన్నీ చాలా దేశాల్లో ఒప్పందం ప్రకారం, చట్టం ప్రకారం సాగేవే. నోటీసులు పంపినట్టు వాళ్ల దగ్గర రుజువు ఉంటుంది, అందుకున్నవాళ్లు మాత్రం ఉండరు.

బాకీ ఎందుకు పడుతుందంటే, డబ్బు లేక కాదు. ఆటోపే కార్డు గడువు మధ్యలో ముగుస్తుంది. కొత్త కార్డు పాత ఇంటికి వెళ్తుంది. లేదా విదేశాల్లో కార్డు పోయి బ్లాక్ చేయిస్తారు, అదే కార్డు మీద స్టోరేజ్ అద్దె ఉందన్నది గుర్తుండదు. లేదా బ్యాంకు ఓటీపీ అడుగుతుంది, ఆ సిమ్ రీచార్జ్ లేక ఆగిపోయి ఉంటుంది. అందుకని ఏడాది అద్దె ఒకేసారి కట్టగలిగితే అదే శ్రేష్ఠం. తగ్గింపు అడగండి, సాధారణంగా ఇస్తారు. ఆ ఏడాదిలో అద్దె పెంచబోమని కాగితం మీద రాయించుకోండి. మధ్యలో వచ్చేస్తే మిగతా నెలల డబ్బు తిరిగిస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. నెలనెలా కట్టక తప్పకపోతే, ప్రయాణంలో జేబులో ఉండే కార్డు కాకుండా ఇంకో ఖాతా నుంచి కట్టండి. కార్డు మీద గడువు తేదీ మీరు తిరిగొచ్చే తేదీకి కనీసం మూడు నెలల తర్వాత ఉండాలి. చిరునామా గడిలో ఊళ్లో ఉండే చుట్టాలదో స్నేహితులదో రాసి, వాళ్ల ఫోన్ నంబరు రెండో సంప్రదింపుగా ఇవ్వండి.

అదే మనిషి పేరును గది తెరిచే అధికారం ఉన్నవాళ్ల జాబితాలో చేర్పించాలి. తాళం చెవి ఇచ్చినంత మాత్రాన సరిపోదు, గేటు కోడు వాళ్ల పేరున లేకపోతే లోపలికి పంపరు. ఏడాదిలో రెండు సార్లు వెళ్లి చూస్తే చాలు: మూడో నెల దాటాక ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. గదిలో వదిలిన హైగ్రోమీటర్ గరిష్ఠ అంకెను గుర్తుపెట్టుకునే రకమైతే వాళ్లు ఒక ఫొటో తీసి పంపితే పరిస్థితి తెలిసిపోతుంది. తాళం విషయంలో బయటికి కొక్కెం కనబడే రకం వద్దు, కట్టర్‌కు అది రెండు సెకన్ల పని. గుండ్రటి డిస్క్ తాళం, లేదా గడియ లోపలికే దిగిపోయే సిలిండర్ తాళం తీసుకోండి. తలుపుకు ఏది సరిపోతుందో ముందే కనుక్కోవాలి.

ఇన్సూరెన్సు దగ్గర కౌంటర్లో ఇచ్చే 'ప్రొటెక్షన్ ప్లాన్' కాగితాన్ని మినహాయింపుల పేజీ నుంచి మొదలుపెట్టి చదవండి. బూజు, తేమ, ఎలుకలు, పురుగులు సాధారణంగా ఆ పేజీలోనే ఉంటాయి, అంటే ఏడాది నిల్వలో జరిగే అవకాశం ఎక్కువున్నవన్నీ. దొంగతనం కింద డబ్బు రావాలంటే చాలా పాలసీల్లో తాళం పగలగొట్టిన గుర్తులు ఉండాలి. నష్టపరిహారం కొత్త వస్తువు ధర ప్రకారమా, అరుగుదల తీసేసా అన్నది అడగాలి. వస్తువుల సీరియల్ నంబర్లు, బిల్లులు, గది నింపాక నాలుగు మూలల నుంచీ తీసిన ఫొటోలు క్లౌడ్‌లో ఒకచోటా, ఆ నమ్మకమైన మనిషి దగ్గర ఒకచోటా ఉంచండి.

ఇంటికొచ్చి పెట్టెలు పట్టుకెళ్లే రకం సేవ ఇంకోటుంది. పది పెట్టెల లోపు సామానున్న ఒంటరి ప్రయాణికులకు అది గదికంటే చవక, పైగా వెళ్లే హడావిడిలో లారీ గొడవ తప్పుతుంది. పెట్టెకింత అని అద్దె, వెనక్కి తెప్పించుకోవడానికి వేరే రుసుము. అయితే మధ్యలో ఎవరూ వెళ్లి చూడలేరు, గోదాములో తేమ ఎంతుందో మీకు తెలిసే దారి లేదు. బట్టలకు, వంట పాత్రలకు సరే. పుస్తకాలకు, వాయిద్యాలకు వద్దు. ఇంటి ముందు దించి, నింపాక తీసుకెళ్లే పెద్ద పెట్టెల్లో ప్లైవుడ్‌వి ఇనుప వాటికంటే నయం, చెమర్చడం తక్కువ. వాటిని గోదాము లోపల ఉంచుతారా, ఆరుబయటా అన్నది మాత్రం తప్పకుండా అడగాలి.

గది నింపేటప్పుడు చివరగా, షట్టర్ పక్కనే పెట్టాల్సిన పెట్టె ఒకటుంది: రెండు దుప్పట్లు, తువ్వాళ్లు, స్క్రూడ్రైవర్, స్పానర్, చార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఒక గిన్నె. తిరిగొచ్చిన రోజు అవసరమయ్యేవి ఇవే. ఖాళీ చేసే నోటీసు గడువు చోటును బట్టి మారుతుంది, తిరుగు టికెట్ తీసుకున్న రోజే ఈమెయిల్ పెట్టి, అందినట్టు జవాబు తెప్పించుకోండి. సామాను తీశాక గది ఊడ్చి, ఖాళీగా ఫొటో తీసి, తాళం తీసుకెళ్లండి. మీ తాళం షట్టర్‌కు వేలాడుతున్నంత కాలం కంపెనీ లెక్కలో మీరు గది ఖాళీ చెయ్యనట్టే, అద్దె నడుస్తూనే ఉంటుంది. డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో కౌంటర్లో రాయించుకుని బయల్దేరండి.